ఇనుప చుట్టం ఎడమకాలు

పెనుకొండ,
11 ఆగస్టు 2002

చి.సౌ. చౌడేశ్వరికి, ఈరప్ప మామ ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టాలి కదా, రాశాననుకో. వాన లేదు. అంగట్లో పని లేదు. ప్లాస్టిక్ బిందెలు వచ్చాక రేకుడబ్బాలు అడిగేవాళ్ళెవరు?

నిన్న మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుదామని అంగడి తలుపు సగం దించాను. తెల్ల కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్ళ మనిషి దిగి, "ఈరప్పగారంటే మీరేనా అండీ? నాన్నగారు పోయేదాకా మీ మాటే చెప్పేవారు" అన్నాడు. మన కొండమీద 'ఇనుప చుట్టం' సినిమా తీసిన డైరెక్టరు కొడుకట. పేరు విజయ్ కుమార్. ఇప్పుడు ఆ సినిమాకు రెండో భాగం తీస్తున్నాడు. 'ఇనుప చుట్టం మళ్ళీ వచ్చాడు' అని పేరు పెట్టాడు.

నీకు గుర్తుందో లేదో, మొదటిసారి ఆ ఇనుపమనిషి వేషానికి మద్రాసు నుంచి నటుణ్ణి తెచ్చుకున్నారు. ఆ రేకుల తొడుగులో అతను నాలుగడుగులు వేసి పడిపోయాడు. ఊడిన రేకుచేతికి అతుకు వేయడానికి పోయిన నన్ను, "నువ్వే లోపలికి దూరి నడువప్పా" అన్నారు. అట్లా నేను ఇనుప చుట్టాన్నయ్యాను. తెరమీద పేరు వేయలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఈ ఊళ్ళో ఆ సంగతి చెప్తే చిన్నవాళ్ళు నవ్వుతారు.

ఇప్పుడు మళ్ళీ నన్నే నడవమంటున్నాడు. తొడుగు ఫైబరుదట, బరువు తక్కువట. కథ కూడా చెప్పాడు. విన్నది విన్నట్టు రాస్తున్నాను, చదివి నీ మాట చెప్పు. ఇనుప చుట్టం తిరిగొస్తాడు. అప్పటి చిన్నపిల్ల వసుధ ఇప్పుడు పెద్ద సైంటిస్టు. అప్పుడు మనల్ని నవ్వించిన రైల్వే గుమాస్తా ఇప్పుడు విలన్. ఇనుప చుట్టం ఈసారి మాట్లాడతాడట, పాటలో ఆడతాడట కూడా.

నువ్వు సైన్సు చదివినదానివి. నాకు ఏదో అడ్డం తగులుతోంది గానీ అదేంటో చెప్పలేకుండా ఉన్నాను.

మీ అత్త యల్లక్క నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ మామ
ఈరప్ప


ధర్మవరం,
20 ఆగస్టు 2002

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టు పేపర్లు నూట నలభై దిద్దుతున్నాను. కరెంటు లేదు. మునిసిపాలిటీ ట్యాంకరు ఆ రోజూ రాలేదు. అయినా నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

గుర్తుందో లేదో అంటావేం మామా! నాకప్పుడు పదేళ్ళు. ధర్మవరంలో ఆ సినిమా ఆడిన పద్దెనిమిది రోజుల్లో అమ్మ నన్ను ఐదుసార్లు తీసుకెళ్ళింది. "లోపల ఉండేది మా అన్న" అని పక్క బెంచీవాళ్ళకు చెప్పేది. ఇనుప చుట్టం ఆకాశంలోంచి నేలమీద పడ్డ మొదటిరోజు ఆ కొండకింది అవ్వ సంగటిముద్ద పెడుతుంది చూడు, అతనికి తినే నోరు లేదు. ముద్దను రెండు చేతుల్లో పట్టుకొని పొద్దుగుంకేదాకా కూర్చుంటాడు. నేను ఏడ్చాను. ఇనుముకు ఆకలెందుకు ఉండదని అమ్మను అడిగాను. అమ్మకు తెలియదు. ఆ తెలియకపోవడం నుంచే నేను సైన్సు టీచరునయ్యానని ఇప్పటికీ అనుకుంటాను.

నీకు అడ్డం తగులుతున్నది ఇదీ. అతను చివర్లో గుహ లోపలికి పోయి, ఊరు పేలిపోకుండా తలుపు మూసుకున్నాడు. చచ్చిపోయాడు. ఇప్పుడు ఎట్లా వచ్చాడు? విజయ్ కుమార్ అది చెప్పాడా? చెప్పి ఉండడు. రెండోది, అతను మాట్లాడడు. మాట్లాడకపోవడం వల్లే మనం అతని మనసులో ఏముందో వెతికాం. మాట్లాడితే ఇంక వెతికేదేముంది? మూడోది, ఆ గుమాస్తా పిరికివాడే గానీ చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళలో విలన్ ఎందుకయ్యాడు? కథకు ఒక విలన్ కావలసి వచ్చాడు కాబట్టి.

పాతదాని మీద మనకున్న ప్రేమను అమ్ముకునే పని ఇది. నువ్వు చెయ్యొద్దు మామా. యాభై తొమ్మిదేళ్ళకు నీకు ఈ తిప్పలెందుకు? ఆ నడక అట్లాగే ఉండిపోనీ.

అమ్మ ఉంటే ఇదే చెప్పేది.

చౌడేశ్వరి


పెనుకొండ,
6 సెప్టెంబరు 2002

చౌడేశ్వరికి,

నువ్వు చెప్పినట్టే విజయ్ కుమార్‌కు వద్దని చెప్పేశాను. మంచివాడే, నొచ్చుకోలేదు.

కదిరి దగ్గర కోళ్ళఫారానికి రేకుల కప్పు వేసే పని వచ్చింది. తనకల్లు వైపు కూడా ఇంకోటి ఉందంటున్నారు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండను. ఉత్తరాలు ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు.

ఈరప్ప


ధర్మవరం,
17 నవంబరు 2002

మామకు,

రెండున్నర నెలలు! మా ఇంటి గృహప్రవేశానికి కూడా నువ్వు రాలేదు. అత్త ఒక్కతే పొద్దున వచ్చి సాయంత్రానికి పోయింది. "మామ యాడ?" అని అడిగితే, "పనికి పోయిండాడు పాపా, ఆ పని ఇడిసిపెట్టి వచ్చేకి కాదంట" అంది. నా మొహం చూడకుండా చెప్పింది. కదిరి నుంచి బస్సుకు గంటన్నర ప్రయాణం, ఒక్క పూట రాలేకపోయావా?

కోపం లేదు. అలసటగా ఉంది, అంతే. అమ్మ పోయాక పుట్టింటి వైపు నాకున్నది నువ్వొక్కడివే.

సినిమా వాళ్ళు ఎవరినో పెట్టుకొని నడిపిస్తున్నారట, పేపర్లో చిన్న ఫోటో వేశారు. తొడుగు వెండిలా మెరుస్తోంది. మన ఇనుప చుట్టానికి తుప్పు మరకలుండేవి. నువ్వు వద్దన్నందుకు ఎంత సంతోషించానో.

చౌడేశ్వరి


హిందూపురం,
26 మార్చి 2003

మామకు నమస్కారాలు.

పదో తరగతి పరీక్షల డ్యూటీ మీద హిందూపురం వచ్చాను. లాడ్జిలో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. నిన్న డ్యూటీ అయ్యాక ఆ సినిమాకు పోయాను. నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

మొదటి పావుగంట పాత సినిమా తునకలే చూపించారు. అవ్వ, సంగటి, గుహ తలుపు. జనం ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు. తర్వాత గుహ తలుపు తెరుచుకుంటుంది, అతను వచ్చేస్తాడు. ఎట్లా బతికాడు, ఇన్నాళ్ళు ఏం చేశాడు అన్నది ఒక్క ముక్క లేదు. పిడుగు పడిందట, లేచాడట. అంత పెద్ద చావును ఒక పిడుగుతో కొట్టిపారేశారు.

వసుధకు నాలుగు డిగ్రీలున్నాయని ఒకరెవరో చెప్తారు. సినిమా మొత్తంలో ఆ అమ్మాయి చేసిన సైన్సు ఏమిటంటే, అద్దాలు పెట్టుకోవడం, తియ్యడం. ఇనుప చుట్టాన్ని చూసి మూర్ఛపోతుంది. పదేళ్ళప్పుడు భయపడనిది ముప్పై ఏళ్ళప్పుడు భయపడుతుందా? మొదటి సినిమాలో నీళ్ళు తగిలితే అతని కీళ్ళు బిగుసుకుపోయేవి కదా, ఊరివాళ్ళు గొడుగులు పట్టేవాళ్ళు. ఇందులో వానలో పాట! చిన్నపిల్లలు కూడా పక్కవాళ్ళను అడుగుతున్నారు. గుమాస్తా ఎందుకు చెడ్డవాడయ్యాడో చివరిదాకా తెలియదు. చివర్లో ఇనుప చుట్టం మళ్ళీ అదే గుహలోకి పోయి అదే తలుపు మూస్తాడు. మొదటిసారి అది త్యాగం. రెండోసారి అది అలవాటు.

ఇంక ఆ లోపలి మనిషి. ఎవరో గానీ ఎడమకాలు బస్తాలాగా ఈడుస్తున్నాడు. నీ నడకలో బరువు ఉండేది, ఇతనిలో భారం ఉంది. నడవలేనివాణ్ణి తెచ్చి నడిపించి, ఇదే పాత చుట్టం అని నమ్మించడం మోసం. నీ పేరుకు అవమానమనిపించింది, నీ పేరు ఎక్కడా లేకపోయినా.

ఒక్క అరనిమిషం మాత్రం బాగుంది. అవ్వ ఇంట్లోకి వచ్చి గోడమీద దండ వేసిన ఆమె పటం చూస్తాడు. కమెడియన్ వెనక ఏదో వాగుతుంటాడు. ఇతను మెడ వంచి, గడపను అరచేత్తో తాకి, పటానికి వీపు చూపకుండా వెనకడుగులు వేస్తూ బయటికి పోతాడు. ఆ అరనిమిషం ఎవరో ఆలోచించారు మామా. మిగతా రెండున్నర గంటలు ఎవరూ ఆలోచించలేదు.

ఇదంతా శుభ్రంగా రాసి వారపత్రికకు పంపాను. 'ధర్మవరం టీచర్' అని పేరు పెట్టుకున్నాను. వేస్తారో లేదో.

చౌడేశ్వరి


పెనుకొండ,
19 ఏప్రిల్ 2003

చౌడేశ్వరికి, మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం. ఇట్లా ఉండగానే నీ వ్యాసం అచ్చయింది.

బస్టాండు దగ్గర నాగరాజు హోటల్లో పొద్దున కాఫీకి పోతాను, నీకు తెలుసు. మొన్న వాడు పత్రిక పట్టుకొని, "ఏమప్పా ఈరప్పా, మన కొండమింద తీసిన సినిమా గురించి ఏసిండారు! ఎవరో టీచరమ్మ రాసిండాది" అని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఏడెనిమిది మంది ఉన్నారు. పిడుగు మాట దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాడు ఒకచోట ఆగిపోయాడు.

"ఏమిటికి నిలిపితివి? సదువు" అన్నాను.

"ఇంకేం లేదులేప్పా, అయిపోయిండాది."

"సదువురా."

వాడు చదివాడు. లోపలి మనిషి ఎవరో గానీ ఎడమకాలు బస్తాలాగా ఈడుస్తున్నాడు అని. ఎవరూ నా ముఖం చూడలేదు. అందరూ బల్లకింద నా కాలు చూశారు.

అది నేనే చౌడేశ్వరీ. నీకు వద్దన్నానని రాసిన ఉత్తరం అబద్ధం. కోళ్ళఫారం అబద్ధం. మీ అత్త చేత ఒట్టు వేయించుకున్నాను, ఆమెను ఏమీ అనొద్దు. ఇక్కడ పన్నెండు రోజులు, హైదరాబాదు సెట్టులో ఇరవై ఎనిమిది రోజులు నడిచాను.

ఇంకో అబద్ధం కూడా ఉంది. నిరుడు జూన్‌లో ఒక పొద్దున లేస్తే ఎడమకాలు నాది కానట్టుంది. నోరు కూడా కొంచెం వంకర పోయింది. నోరు పదిరోజుల్లో సర్దుకుంది, కాలు సర్దుకోలేదు. పసరు వైద్యం చేయించుకున్నాను. నీకు చెప్పొద్దన్నాను. గృహప్రవేశానికి అందుకే రాలేదు. నువ్వు చూస్తే తెలిసిపోతుంది కదా. తెలిస్తే నువ్వూ అందరి మాదిరే అవుతావు. ఇంట్లో మీ అత్త, వీధిలో చుట్టుపక్కలవాళ్ళు, "కూర్చోప్పా, నిదానంప్పా, పట్టుకుంటా ఉండప్పా" అంటూ చేతులు చాపుతారు. నాకు చేతులంటే అసహ్యం వేసింది. యాభై ఏళ్ళు రేకు వంచిన వాణ్ణి.

ఆ తొడుగులోకి పోతే ఎవరికీ ముసలివాడు కనపడడు. కాలు ఈడిస్తే తొడుగు సరిగ్గా కుదరలేదనుకున్నారు. ఫైబరు మడత రెండుసార్లు కోసి సరిచేశారు పాపం. లోపల గుడ్డలు గట్టిగా చుట్టుకొని నడిచాను. ఒకసారి పడ్డాను కూడా. "ఇనుప చుట్టం పడ్డాడు, షాట్ అదిరింది!" అని చప్పట్లు కొట్టారు. నన్నెవరూ లేవదీయలేదు. ఆ రోజు నేనెంత సంతోషపడ్డానో నీకు ఎట్లా చెప్పేది?

కథలో తప్పులు నాకు తెలియక కాదు. నువ్వు రాసిన ప్రశ్నలన్నీ విజయ్ కుమార్‌ను నా ప్రశ్నలుగా అడిగాను. "నిజమేనండీ. కానీ ప్రొడ్యూసరుగారు పాత సినిమా గుర్తొస్తే చాలంటున్నారు. నాకు ఇదొక్కటే అవకాశం" అన్నాడు. వాడూ అలసిపోయినట్టే ఉన్నాడు. తండ్రి నీడలోంచి బయటికి రావడానికి తండ్రి సినిమానే పట్టుకున్నాడు.

అవ్వ పటం సీను కథలో అట్లా లేదు. కుండమీద కాలువేసి జారి పడాలని, కమెడియన్ నవ్వాలని రాసుకున్నారు. నాకు కాలు కదలలేదు. ఈసారి జబ్బు వల్ల కాదు. కట్ చెప్పాక విజయ్ కుమార్ వచ్చి, "ఏమండీ, పడాలి కదా?" అన్నాడు.

"పడేది లేదు సామీ. వానికి అన్నం పెట్టిన అవ్వ పటం అది. ఆడ యాడన్నా జారిపడి నవ్విస్తారా? ఇనుమైతే మాత్రం వానికి తెల్దా?"

అతను పటం దగ్గరికి పోయి ఒకసారి చూసి వచ్చాడు. ఆ తర్వాత, "ఉంచేద్దాం" అన్నాడు. సినిమాలో నువ్వు బాగుందన్నది అదొక్కటే. హోటల్లో నాగరాజు ఆ మాట కూడా చదివాడు. కానీ అప్పటికే నేను డబ్బులు బల్లమీద పెట్టి లేచాను. లేవడానికి కొంత సేపు పట్టింది.

నీ మీద కోపం లేదు. నిజం రాశావు. నిజం రాసే మేనకోడలు నాకుంది కదా అని కొంచెం గర్వం కూడా.

ఈరప్ప


ధర్మవరం,
24 ఏప్రిల్ 2003

మామా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లో విప్పాను, అక్కడ చదవలేక ల్యాబ్‌లోకి పోయి తలుపు వేసుకున్నాను.

ముందు నిన్ను తిట్టాలి. మూతి వంకర పోయి, కాలు పడిపోయి పది నెలలైతే పసరు తాగుతూ కూర్చుంటావా? ఒక్క కార్డు ముక్క రాస్తే పరుగెత్తుకొని వచ్చేదాన్ని కాదా? అదే వద్దనుకున్నావు, నాకు తెలుసు. అయినా తిడతాను.

తర్వాత నన్ను తిట్టుకోవాలి. నేను సైన్సు టీచరును. కాలు ఈడుస్తున్నాడని చూశాను. ఎందుకు ఈడుస్తున్నాడని ఒక్క క్షణం అనుకోలేదు. ఆ కథ రాసినవాళ్ళు మనుషుల గురించి ఆలోచించలేదని రెండు పేజీలు రాసినదాన్ని, లోపలున్న మనిషి గురించి ఆలోచించకుండానే 'మోసం' అని రాసేశాను. నీ నడక నాకు ప్రాణమని చెప్పుకున్నాను, ఎదురుగా నువ్వు నడుస్తుంటే గుర్తుపట్టలేదు. రోజుకు ఆరు పీరియళ్ళు, ఇంటికొచ్చి మళ్ళీ పేపర్లు, ఇట్లా ఉంటే కళ్ళు చూడడం మానేస్తాయేమో. ఇది సాకు కాదు. ఇట్లా జరిగింది.

పత్రికకు రాశాను. ఆ వాక్యం తప్పని, ఆ నటుడు జబ్బుతో ఉండి కూడా నడిచాడని వేయమన్నాను. నీ జబ్బు మాట బయటపెట్టకూడదేమో అనిపించి, కవరు అంటించాక మళ్ళీ చించి, ఆ ముక్క తీసేసి, 'ఆ వ్యాఖ్యకు విచారిస్తున్నాను' అని మాత్రం ఉంచాను. పంపాలా వద్దా నువ్వే చెప్పు. బల్లమీదే ఉంది.

కానీ ఒకటి చెప్తాను, వినాలి. సినిమా బాగాలేదు. నువ్వు ఉన్నావని తెలిశాక కూడా బాగాలేదు. నిన్న హిందూపురం పోయి మళ్ళీ చూశాను. అక్కడ అదే ఆఖరి రోజు, హాల్లో ఇరవై మంది కూడా లేరు. చివర్లో పేర్లు పడేటప్పుడు ఆపరేటరు మిషన్ ఆపబోతుంటే పైకి పోయి, "ఇంకొంచెంసేపు తిప్పండన్నా" అని బతిమాలాను. "ఎవురు సూస్తారమ్మా ఇవి?" అన్నాడు గానీ తిప్పాడు. నీ పేరు ఉంది మామా. 'పి. ఈరప్ప, పెనుకొండ' అని. లైటుబాయ్‌ల పేర్ల తర్వాత, వంటవాళ్ళ పేర్ల ముందు. రెండు సెకన్లు. నేను చదివాను.

అమ్మ ఉంటే ఎంతమందికి చూపించేదో.

ఇక్కడ ఒక డాక్టరు ఉన్నాడు, నరాల జబ్బులు చూస్తాడు. మా స్కూల్లో యశోద మేడం నాయనకు ఇట్లాగే వస్తే ఆయన దగ్గరే ఏడాది వ్యాయామం చేయించారు. ఇప్పుడు కర్ర లేకుండా మార్కెట్టుకు పోతున్నాడు. పాతకాలు తిరిగొస్తుందని నేను చెప్పను. పది నెలలు పోగొట్టుకున్నాం. కొంతైనా వస్తుంది. వేసవి సెలవులు మొదలయ్యాయి, నేను ఇంట్లోనే ఉంటాను. అత్తనూ తీసుకురా.

రాకపోతే నేనే వచ్చి తీసుకొస్తాను. అప్పుడు వీధంతా చూస్తుంది.

చౌడేశ్వరి


పెనుకొండ,
30 ఏప్రిల్ 2003

చౌడేశ్వరికి,

బల్లమీద ఉన్న ఆ కాగితం చించెయ్యి. నువ్వు రాసిన తప్పులన్నీ తప్పులే. పిడుగూ తప్పే, వానపాటా తప్పే, కాలు ఈడ్చడమూ తప్పే. దిద్దితే అబద్ధమవుతుంది. ఈ ఏడాదికి మన ఇద్దరికీ అబద్ధాలు చాలు.

సినిమా బాగాలేదు. ఆ నలభై రోజులు నేను బాగున్నాను. రెండూ నిజమే. ఈ రెండింటినీ ఒకదానికొకటి అతికించాలని చాలా రోజులు ప్రయత్నించాను. అతకడం లేదు, వదిలేశాను.

విజయ్ కుమార్ నాగరాజు హోటలుకు ఫోను చేసి నన్ను పిలిపించాడు. సినిమా పోయిందట. గొంతు సన్నగా ఉంది. నీ వ్యాసం అతనూ చదివాడట. "ఆ అవ్వ సీను గురించి రాసినావిడ ఎవరో గానీ, నాకు వచ్చిన మంచిమాట అదొక్కటేనండీ" అన్నాడు. నా మేనకోడలని చెప్పాను. కాసేపు నవ్వాడు, తర్వాత ఏడ్చాడనుకుంటాను, లైను సరిగ్గా వినపడలేదు. "ఇంకో కథ రాయి నాయనా, కొత్తది. మీ నాయనది కాకుండా నీది" అన్నాను. ఏమంటాడో.

మీ అత్త మూట కట్టేసింది. పది నెలల తర్వాత ఆమె గట్టిగా నవ్వడం విన్నాను. ఒట్టు దిగిపోయిందట, మనసు తేలికైందట.

శుక్రవారం పొద్దున ప్యాసింజరుకు వస్తున్నాం. ధర్మవరంలో మా పెట్టె ప్లాట్‌ఫారం పక్కనే ఆగుతుందో లేదో తెలియదు, మెట్టు ఎత్తుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తూ నిలబడొద్దు. తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపు. పట్టుకుంటాను.

మామ
ఈరప్ప